రెండో తుమ్ము

ఆ రోజు జ్యోతి నాలుగింటికే లేచింది. ఆరుకు లాక్‌డౌన్ సడలిస్తారు, పదికి మళ్ళీ బిగిస్తారు. కోరుట్ల నుంచి బీర్పూర్‌కు బండి మీద గంటన్నర. ఆరింటికి కదిలితే గణేశ్ పెళ్ళాంపిల్లలను తల్లిగారింట్లో దింపి, చాయ్ తాగి, పదిలోపు తీరిగ్గా ఇల్లు చేరుకోవచ్చు. ఏడు దాటిందంటే ప్రయాణం లేనట్టే.

ఏటా వేసవి సెలవుల్లో నెల రోజులు తల్లిగారింట్లో ఉండడం పెళ్ళైన నాటి నుంచి జ్యోతికి మిగిలిన ఒకే ఒక్క హక్కు. అక్కడ ఆమె ఎనిమిదింటికి లేస్తుంది. లేచేసరికి తల్లి గౌరవ్వ చాయ్ గ్లాసుతో నిలబడి ఉంటుంది. పోయిన ఎండాకాలాన్ని కరోనా మింగేసింది. ఈ ఎండాకాలం కూడా సగం అయిపోయింది. మార్చిలో బడి మూసినప్పటి నుంచి పదేళ్ళ శ్రవణ్, ఏడేళ్ళ శ్రీజ గంటకోసారి ఆకలంటున్నారు, అరగంటకోసారి జుట్టు జుట్టు పట్టుకుంటున్నారు. పెళ్ళిళ్ళు లేక ఫ్లెక్సీల షాపు మూతపడి గణేశ్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నవాడు ఊరికే ఉండక మొన్న ఒక మాట అన్నాడు.

"రోజంత ఇంట్లనే ఉంటవు గదా, నీకేం పనుంటది?"

జ్యోతి చేతిలో ఉన్న స్టీలు గిన్నెను గోడకేసి కొట్టింది. గిన్నెకు సొట్ట పడింది గానీ గణేశ్‌కు విషయం ఎక్కలేదు. నన్నడిగితే ఆ గిన్నె తగలవలసింది గోడకు కాదు.

సరిగ్గా ఆరింటికి అందరూ వాకిట్లోకి వచ్చారు. రెండేళ్ళుగా సజ్జ మీద పడి ఉన్న ప్రయాణపు బ్యాగును శ్రవణ్ భుజానికెత్తుకున్నాడు. దాని దుమ్మంతా వాడి ముక్కులోకి పోయింది. గేటు దగ్గర వాడు గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మాడు.

"ఆగుండ్రి!" అంది అరుగు మీద కూర్చున్న అత్తగారు వజ్రమ్మ. "ఒంటి తుమ్ము. చెప్పులిడిసి, కాళ్ళు కడుక్కొని, లోపట కూసుండి, నీళ్ళు తాగి పోండ్రి."

"అత్తమ్మా, దుమ్ముకు తుమ్మిండు."

"దేనికి తుమ్మితె ఏంది? మీ మామ గిట్లనే ఒంటి తుమ్ముకు ఆగక ధర్మపురికి పోయి కాలిరగ్గొట్టుకున్నడు."

మామగారు కాలు విరగ్గొట్టుకున్నది కల్లు దుకాణం మెట్ల మీద అని ఇంటిల్లిపాదికీ తెలుసు. కానీ గణేశ్ అప్పటికే చెప్పులు విడిచేశాడు. తల్లి మాట వినడంలో ఆయనకున్న వేగం ఇంకే పనిలోనూ కనిపించదు. కాళ్ళు కడిగారు, కూర్చున్నారు, నీళ్ళు తాగారు. నీళ్ళు తాగాక శ్రీజకు బాత్రూము గుర్తొచ్చింది. మళ్ళీ వాకిట్లోకి వచ్చేసరికి ఆరున్నర దాటింది.

ఈసారి బ్యాగు శ్రీజ పట్టుకుంది. ఈసారి శ్రీజ తుమ్మింది. ఒక్కటే.

"ఆగుండ్రి!"

జ్యోతికి అరికాలి మంట నెత్తికెక్కింది. బ్యాగును నేలకేసి కొట్టింది. దాంతో మిగిలిన దుమ్ము కూడా లేచింది.

"నేనాగ! రెండేండ్లాయె మా అమ్మ మొకం చూడక. ఎవలు తుమ్మినా పోతున్న!"

"పోతె పో మరి," అంది వజ్రమ్మ చల్లగా. "తొవ్వల పిల్లలకేమన్న అయితె నన్నడుగద్దు."

పిల్లల పేరెత్తాక ఏ తల్లి కాలు ముందుకు పడుతుంది? ఆ సంగతి వజ్రమ్మకు బాగా తెలుసు. జ్యోతి పళ్ళు కొరుక్కుంటూ అడిగింది.

"మళ్ళ కాళ్ళు కడిగి కూసుంటె ఏడు దాటుతది. పోయేటందుకు ఇంకో తొవ్వ లేదా?"

"ఎందుకు లేదు? రెండో తుమ్ము తుమ్మితె జోడైతది. జోడు తుమ్ము మంచిదే. తుమ్మినోళ్ళే తుమ్మాలె."

అందరూ శ్రీజ ముక్కు వైపు చూశారు. టైము ఆరూ నలభై. శ్రవణ్ తువ్వాల అంచు నుంచి ఒక దారప్పోగు లాగి, పేని, చెల్లెలి ముక్కులో పెట్టాడు. అది తుమ్మలేదు, వాణ్ణి కరిచింది. వాడు ఏడ్చాడు, అది నవ్వింది. అప్పుడు గణేశ్‌కు ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వస్తే జ్యోతికి ఎప్పుడూ భయమే.

"ఆగుండ్రి, నేను చేస్త," అంటూ వంటింట్లోకి పోయి, గ్యాసు పొయ్యి వెలిగించి, మంట మీద గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాడు. రెండు వేస్తే చాలు. గణేశ్ లెక్కలు ఎప్పుడూ అంతే.

ఘాటు ఒక్క నిమిషంలో ఇల్లంతా పట్టింది. శ్రీజ తుమ్మింది, శ్రవణ్ తుమ్మాడు, గణేశ్ ఊపిరాడక గోడ పట్టుకున్నాడు. జ్యోతి ముక్కు మూసుకుని వంటింట్లోకి ఉరికి, ఆ మంట ముందే నిలబడి, పొయ్యి ఆపి, మాడిన మిరపకాయలను తొట్టిలో వేసి వచ్చింది. ఇంత జరుగుతున్నా వజ్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మనవరాలి తుమ్ములు వేళ్ళ మీద లెక్కపెడుతూనే ఉంది.

"మొదటిదానితోని కలిపి పదకొండు," అంది చివరికి. "జోడు కాలె."

అప్పుడు జ్యోతి అరిచింది. అత్తను, మొగుణ్ణి, బ్యాగును, కరోనాను, తనకు ఈ సంబంధం తెచ్చిన మధ్యవర్తిని, వరసబెట్టి అందరినీ తిట్టింది. పెళ్ళై పదకొండేళ్ళు, పదకొండేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ బయటికి వచ్చాయి. అవన్నీ వచ్చేసరికి గొంతు పోయింది, ఏడు దాటింది.

పక్కింటి చంద్రవ్వ గోడ మీద నుంచి తొంగిచూసి, చప్పున మాస్కు పైకి లాక్కుంది.

"ఓ వజ్రక్కా! తుమ్ములు, దగ్గులు... అందరికందరికి అంటుకున్నదా ఏంది?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఆ గల్లీలోనే ఇంటింటికీ జ్వరం సర్వే చేస్తున్న ఆశా వర్కర్ వసంతను రెండు నిమిషాల్లో గేటు ముందు నిలబెట్టింది.

"మాకేం లేదు మేడం, అందరం మంచిగనే ఉన్నం," అన్నాడు గణేశ్, ఎర్రటి కళ్ళతో, మాటకోసారి దగ్గుతూ.

వసంత చాలా ఇళ్ళు చూసింది. ఏమీ లేదన్న ఇళ్ళ నుంచే అంబులెన్సులు పోవడం కూడా చూసింది. ఆమె ఒక్కొక్కరి నుదుటికి థర్మామీటరు పెట్టింది. పిల్లలకు జ్వరం లేదు, వజ్రమ్మకు లేదు, గణేశ్‌కు లేదు. నాలుగింటి నుంచి పొయ్యి ముందు నిలబడి, మంటలో దూరి వచ్చి, ఇంకా కోపంతో ఊగిపోతున్న జ్యోతి నుదుటి దగ్గర మాత్రం అది వంద చూపించింది.

"గొంతెప్పటిసంది గిట్లున్నది?"

"ఇప్పటిసందే," అంది జ్యోతి. గాలి తప్ప మాట రాలేదు. "వీళ్ళను తిట్టి తిట్టి..."

"వాసన తెలుస్తున్నదా?"

"మిరపకాయల ఘాటు తప్ప ఇంకేం తెలుస్తలేదు."

వసంత కాగితం మీద నాలుగు గీతలు పెట్టింది. వేలికి పెట్టే మిషనుతో ఆక్సిజన్ చూసి, అది బాగానే ఉందని చెప్పి, మందుల కిట్టు తీసి గోడ మీద పెట్టింది.

"లక్షణాలున్నయ్ గాబట్టి పది దినాలు వేరే రూముల ఉండాలె. పైన రూమున్నది గదా? ఈమె కిందికి రావద్దు, మీరెవ్వలు పైకి పోవద్దు. తిండి మెట్ల మీద పెట్టుండ్రి. నేను రోజు ఫోన్ చేస్త."

ఇదేం అన్యాయమని అడగడానికి జ్యోతి నోరు తెరిచింది. ఆమె కంటే ముందు గణేశ్ అందుకున్నాడు.

"పది దినాలా! మరి వంటెవలు చెయ్యాలె మేడం? పిల్లలనెవలు చూడాలె? బట్టలు, బోళ్ళు..."

జ్యోతి ఆయన మొహం వైపు ఒక్క క్షణం చూసింది. తెరిచిన నోరు మూసుకుంది. తర్వాత నిదానంగా రెండుసార్లు దగ్గి, దుమ్ము బ్యాగు భుజానికెత్తుకుని, ఎవరూ చెప్పకుండానే మెట్లెక్కింది.

మొదటి రోజు ఆమె పధ్నాలుగు గంటలు నిద్రపోయింది. రెండో రోజు ఎనిమిదింటికి లేచేసరికి మెట్టు మీద చాయ్ ఉంది. చక్కెర లేదు, అయినా తాగింది. కింద అన్నం మాడిన వాసన వచ్చింది; ముక్కు భేషుగ్గా పనిచేస్తున్నదని తెలిసింది. ఆ సంగతి వసంతకు ఫోన్లో చెప్పింది. పది దినాలంటే పది దినాలేనని వసంత అంది. జ్యోతి సరేనని మళ్ళీ ముసుగు తన్నింది.

మూడో రోజు కింది నుంచి గణేశ్ కేక వేశాడు. "పొద్దుగాల తిన్నరు, పన్నెండింటికి తిన్నరు, మళ్ళ ఆకలంటున్నరు! వీళ్ళ కడుపా, చెరువా?"

జ్యోతి పలకలేదు. గొంతు బాగోలేదు కదా. ఆరో రోజు పిల్లల మీద అరిచీ అరిచీ గణేశ్ గొంతు కూడా పోయింది. సొట్ట గిన్నె ఇంకోసారి గోడకు తగిలిన చప్పుడు ఆమె స్పష్టంగా వింది. రోజంతా ఇంట్లో ఏం పని ఉంటుందో ఆయనకు ఆ వేళకు అర్థమై ఉంటుంది. అర్థం కావడానికి ఆరు రోజులు పట్టడం నాకైతే ఎక్కువే అనిపించింది.

బీర్పూర్ నుంచి గౌరవ్వ ఏడుస్తూ ఫోన్ చేసింది. "రాకపోతివి గద బిడ్డా, ఎట్లున్నవే?"

"తల్లిగారింట్ల ఉన్నట్టే ఉన్ననే అమ్మా," అంది జ్యోతి. అంటుండగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఎందుకంటే అది సగమే నిజం.

పదకొండో రోజు పొద్దున వసంత వచ్చి, అంతా బాగుంది, కిందికి రావచ్చంది. ఇంటిల్లిపాదీ మెట్ల కింద నిలబడ్డారు. గణేశ్ చేతిలో గరిటె ఉంది, దాన్ని ఎప్పుడెప్పుడు అప్పగిద్దామా అన్నట్టు ముందుకు చాపి పట్టుకున్నాడు. జ్యోతి బ్యాగు భుజానికేసుకుని గడప దాకా వచ్చింది. అంతలో ఒక్క తుమ్ము తుమ్మింది.

"ఆగు!" అంది కింది నుంచి వజ్రమ్మ, అలవాటు కొద్దీ.

"సరే అత్తమ్మా," అంది జ్యోతి. అత్త మాటకు ఆమె ఇంత వినయంగా తల వంచడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. లోపలికి పోయి తలుపేసుకుంది. వేళ్ళ మధ్య ఉన్న తువ్వాల దారప్పోగును దిండు కింద దాచి, కుండలోని నీళ్ళు ముంచుకుని, రెండో తుమ్ము రాకుండా ముక్కు గట్టిగా పట్టుకుంది.