ఈ వారం ధోరణి: రావద్దు

ఒక నగరం పెద్దదా, చిన్నదా అన్నది జనాభా లెక్కలు తేల్చే విషయం కాదు. అక్కడికి రావాలనుకునేవాడికి అక్కడున్నవాడు చెప్పే జవాబునుబట్టి తేలుతుంది. మహానగరంలో ఉన్నవాణ్ణి అడిగితే జవాబు చెప్పే తీరిక ఉండదు. పల్లెలో ఉన్నవాణ్ణి అడిగితే, మీరెవరి తాలూకు అని ఎదురు అడుగుతాడు. మధ్యస్థ నగరంలో ఉన్నవాడు మాత్రం "బాగానే ఉంటుంది, కానీ..." అని ఎత్తుకుని గంటకు తక్కువ కాకుండా చెబుతాడు. మనది మధ్యస్థ నగరం. (విమానాశ్రయం ఉంది, మంగళవారం విమానం ఉండదు. కదిలే మెట్లున్న మాల్ ఉంది, మెట్లు కదలవు.)

ఈ మధ్యస్థ హోదా మనకు ఊరికే రాలేదు. నిబంధనల ప్రకారం జనాభా అయిదు లక్షలకు తగ్గకూడదు, ఆరు లక్షలు నిండకూడదు. తగ్గితే పెద్దాసుపత్రిని ఇంకో ఊరికి తరలిస్తారు. నిండితే మనల్ని మహానగరం కింద జమకట్టి మెట్రో రైలు వేస్తామంటూ పదిహేనేళ్ళపాటు రోడ్లన్నీ తవ్వుతారు. అటు పోవడానికీ లేదు, ఇటు పోవడానికీ లేదు. అందుకే నగరపాలక సంస్థవారు బాగా ఆలోచించి 'నివాస అభిప్రాయ నియంత్రణ విభాగం' అని ఒకటి పెట్టారు.

అంతకుముందు మన జనం ఫోన్లో 'వద్దామా, వద్దా' అనే గ్రూపులో నోటికొచ్చింది రాసేవారు. విభాగం వచ్చాక ఆ గ్రూపుకు ఒక పద్ధతి వచ్చింది. ఈ ఊరికి మకాం మార్చదలచినవారు అందులో ప్రశ్న పెట్టాలి. గుర్తింపు పొందిన పన్నెండు మంది అభిప్రాయదారులు జవాబు రాయాలి. ఏ తీరున రాయాలో ప్రతి సోమవారం ఉదయం పదింటికి పర్యవేక్షకుడు తెలియజేస్తాడు. జనాభా తగ్గుతుంటే 'రండి', పెరుగుతుంటే 'రావద్దు', లెక్క ఇంకా అందకపోతే 'మీ ఇష్టం'. దీన్ని వారం ధోరణి అంటారు. ఏ ధోరణిలో రాసినా జవాబులో ఒక్క 'కానీ' అయినా ఉండి తీరాలి. మూడు దాటితే పర్యవేక్షకుడి సంతకం కావాలి.

ఈ పన్నెండు మందిలో మొదటివాడు, మిగతా పదకొండు మందికీ శిక్షణ ఇచ్చినవాడు కళ్ళద్దాలాయన. బస్టాండు వెనకవీధిలో జిరాక్సు షాపుకూ మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూటుకూ మధ్య ఆయన కళ్ళద్దాల దుకాణం. రెండేళ్ళు చూసి వెళ్ళిపోదాం అనుకుని ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. వచ్చే ఏడాది కచ్చితంగా వెళ్ళిపోతామని ప్రతి ఏడాదీ అంటాడు. (అలా వరసగా పదేళ్ళు అన్నవారిని నాలుగో నిబంధన కింద శాశ్వత నివాసులుగా గుర్తిస్తారు. ఈ వాక్యం చదువుతూ తలొంచుకున్నవారికి వేరే ధ్రువపత్రం అక్కర్లేదు.)

ఆయన చెయ్యి తిరిగిన రచయిత. 'రండి' వారంలో మన పార్కు గురించి రాస్తే, చదివినవాడు అప్పటికప్పుడు సామాను సర్దుకోవాలి. గాలి ధారాళంగా వస్తుందట, బెంచీమీద కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందట, కానీ ఆదివారం కాస్త రద్దీ అట. 'రావద్దు' వారంలో అదే పార్కులో దోమలు మనిషిని అమాంతం ఎత్తుకుపోయేవి. అదే బెంచీ, మేకు పైకి తేలి ఉండేది. నిజానికి ఆయన ఆ పార్కులోకి వెళ్ళింది ఒక్కసారి, స్కూటరు పెట్టడానికి చోటుందేమో చూడటానికి.

అంతా సవ్యంగా సాగిపోతుండగా ఆయన అక్క వస్తానంది.

అక్క అంటే ఆయనకు అమ్మ తరవాత అమ్మ కాదు, అమ్మే. పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయాక కుట్టుమిషను ముందు కూర్చుని, ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ కుట్టి, తమ్ముణ్ణి కళ్ళద్దాల కోర్సు చదివించింది. ఇప్పుడు ఒక మహానగరంలో మూడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది. లిఫ్టు లేదు, మోకాళ్ళు మొరాయించాయి. మా ఊరొచ్చెయ్యి, మా దగ్గరుండు అని నాలుగేళ్ళుగా ఈయన ఆమె చెవిలో జోరీగలా పోరుతున్నాడు. ఆమె చూద్దాంలే, చూద్దాంలే అని దాటవేస్తూ వచ్చి, ఉన్నట్టుండి ఒకరోజు ఫోన్ చేసి, "సరేరా, వస్తాను" అంది.

ఆయనకు కాళ్ళు నేలమీద ఆనలేదు. తన ఇంటి వెనక సందులోనే కింది వాటాలో రెండు గదుల ఇల్లు వెతికి పట్టుకున్నాడు. గడప ఎత్తు తక్కువ. ఉత్తరం వైపు కిటికీ, దాని కింద కుట్టుమిషను అతికినట్టు పడుతుంది. చెయ్యి చాచి కొలిచి మరీ చూసుకున్నాడు. ఇంటాయన శనివారం దాకా ఆగుతానన్నాడు. దేశంలో సగంమందికి ఊరు చూపించినవాడికి సొంత అక్కకు ఒక ఇల్లు చూపించే భాగ్యం పట్టిందని ఆయన భార్య ముక్కుమీద వేలేసుకుంది. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది, మెచ్చుకోవడం తక్కువ.

అయితే అక్క ఏ పనైనా కొలత తీసుకోకుండా చెయ్యదు. తమ్ముడికి కూడా చెప్పకుండా గ్రూపులో చేరి, పద్ధతి ప్రకారం ప్రశ్న పెట్టేసింది. వయసు అరవై రెండు, వృత్తి కుట్టుపని, మీ ఊళ్ళో ఉండగలనా? ఆ రోజు సోమవారం. కొత్త ప్రసూతి ఆసుపత్రి పుణ్యమా అని జనాభా అయిదు లక్షల తొంభై తొమ్మిది వేలు దాటింది. ఆ వారం ధోరణి 'రావద్దు'.

కళ్ళద్దాలాయన దుకాణం షట్టరు దించి విభాగానికి పరిగెత్తాడు. పర్యవేక్షకుడు రోజూ పొద్దున్నే రైల్లో పక్క ఊరినుంచి వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళిపోతాడు. మన ఊళ్ళో నివాసం గురించి ఇంత నిష్పాక్షికంగా ఆలోచించగలవాడు ఇంకొకడు దొరకడని ఆయన్ని ఏరికోరి వేశారు. ఒక్క మనిషే కదండీ, పైగా అరవై దాటినావిడ, జనాభాను పెంచే వయసు కూడా కాదు, ఈ ఒక్కసారికి 'మీ ఇష్టం' అని రాసుకోనివ్వండి అని కళ్ళద్దాలాయన బతిమాలాడు.

"మీ అక్కగారా?" అన్నాడు పర్యవేక్షకుడు. "అయితే మీరసలు రాయకూడదు. రక్తసంబంధం. మీరేం కంగారుపడకండి, మిగతా పదకొండు మంది ఉన్నారుగా. అందరూ మీ దగ్గర తయారైనవాళ్ళే."

తయారైనవాళ్ళే. అదే వచ్చిన చిక్కు. ఆ పదకొండు మందికీ ఆయన నేర్పింది ఒకటే, కొత్తగా ఆలోచించి కాలం వృథా చేసుకోవద్దు, నా పాత జవాబులు చూసి రాసుకోండి అని. వాళ్ళు గురువు మాట జవదాటలేదు. మధ్యాహ్నానికల్లా అక్కకు పదకొండు జవాబులు చేరాయి. మురుగుకాలవ, వేసవి ఎండ, మీటరు వెయ్యని ఆటోలు, ఆసుపత్రిలో చీటీ కోసం మూడు గంటలు, మనిషిని ఎత్తుకుపోయే దోమలు. ప్రతి వాక్యమూ ఆయన సొంత రచన. అక్షరదోషాలతో సహా ఆయనవే.

సాయంత్రం ఇంటికొచ్చి భార్య పక్కన కూర్చుని అక్కకు ఫోన్ చేశాడు. ఆ జవాబులేవీ పట్టించుకోవద్దనీ, అవి ఆఫీసువాళ్ళ లెక్కప్రకారం ఈ వారానికి రాసినవనీ గబగబా చెప్పాడు.

"తెలుసులే. పాతవి కూడా తీసి చదివాను. నాలుగు వందల పన్నెండు. అన్నీ నీవే" అంది అక్క.

ఆయన ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"దోమలకు భయపడేదాన్ని కాదురా నేను. ఇక్కడ మాత్రం లేవా ఏంటి. నువ్వు రాసినవాట్లో రోడ్లున్నాయి, నీళ్ళున్నాయి, ఆసుపత్రి ఉంది, బస్సుల టైములున్నాయి. అన్నిట్లో వెతికాను, ఒక్క మనిషి లేడు. ఇరవై రెండేళ్ళలో నువ్వు ఎవరింటికైనా వెళ్ళావా?"

జిరాక్సు షాపాయన తనకు బాగా తెలుసన్నాడు ఈయన. ఆయనకు పిల్లలెంతమంది అని అక్క అడిగింది. ఈయన తన భార్యవైపు చూశాడు. ఆవిడ ఫ్యానువైపు చూసింది.

"నేనున్నాను కదక్కా" అన్నాడు చివరికి.

"ఉన్నావురా, కాదనను. పొద్దున తొమ్మిదికి దుకాణానికి పోతావు, రాత్రి ఎనిమిదికి వస్తావు, వచ్చి జవాబులు రాసుకుంటావు. నాకెప్పుడు దొరుకుతావు? ఇక్కడ నేను మెట్లు దిగలేను, నిజమే. కానీ ఎక్కి వచ్చేవాళ్ళు ఏడుగురున్నారు. పైవాటా టీచరమ్మ రోజూ బడికి పోయేముందు వచ్చి పది సూదుల్లో దారం ఎక్కించి పెట్టి పోతుంది. అద్దాలు పంపిస్తానన్నావు, గుర్తుందా? రెండేళ్ళయింది. పోనీలే. నీకు తీరికుండదు."

కోపంగా అన్నా బాగుండేది. పాపం వీడికి తీరికుండదు అని నిజంగానే అనుకుంటున్నట్టు అంది. ఆయన ఫోన్ పెట్టేశాడు. తరవాత ముఖం కడుక్కుని వచ్చి, రక్తసంబంధం నిబంధనను తోసిరాజని గ్రూపులో జవాబు రాయడానికి కూర్చున్నాడు. నాలుగు వందల పన్నెండు జవాబులు చెమట పట్టకుండా రాసినవాడికి ఈ ఒక్కటీ గంటన్నర పట్టింది.

'నువ్వు రా అక్కా. ఈ ఊరు బాగుంటుందో లేదో నాకు తెలియదు, నేను చూడలేదు. నువ్వొస్తే చూద్దాం. నాకు నువ్వు కావాలి.'

విభాగం తిరుగు జవాబు నాలుగు నిమిషాల్లో వచ్చింది. (నీటి కుళాయి అర్జీకి ఆరు నెలలు తీసుకునేది కూడా ఆ భవనమే.) పై అభిప్రాయం నాలుగు కారణాలవల్ల తొలగించబడింది. రాసినవారు రక్తసంబంధీకులు. వారం ధోరణికి విరుద్ధం. నగరం గురించి సమాచారం లేదు. 'కానీ' లేదు. 'కానీ' లేనిదాన్ని అభిప్రాయంగా పరిగణించే అధికారం విభాగానికి లేదని తెలియజేయడమైనది.

అప్పటికే అక్క అది చదివిందో లేదో తెలియదు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. బుధవారం ఆమె తన ప్రశ్నను ఉపసంహరించుకుంది. శనివారం ఆ రెండు గదుల ఇంట్లో పర్యవేక్షకుడి బావమరిది దిగాడు. (సిబ్బంది బంధువులకు వారం ధోరణి వర్తించదు. ముప్ఫై ఒకటో నిబంధన.) ఉత్తరం కిటికీ కింద చెప్పుల స్టాండు పెట్టుకున్నాడు.

కళ్ళద్దాలాయనలో మార్పు రాలేదని అనడానికి వీల్లేదు. అద్దాలు ఆ వారమే పంపించాడు. జవాబులు రాయడం మానేశాడు. ఒకరోజు మధ్యాహ్నం గట్టిగా ఊపిరి పీల్చుకుని పక్కనున్న జిరాక్సు షాపులోకి వెళ్ళి, బల్ల ముందు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళ తరవాత పిల్లలెంతమంది అని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎన్ని కాపీలండీ?" అన్నాడు జిరాక్సు షాపాయన.

"రెండు" అన్నాడు ఈయన. చేతిలో కాగితం లేకపోవడంతో జేబులోనుంచి ఓటరు కార్డు తీసి ఇచ్చాడు. రెండు కాపీలు తీసుకుని వచ్చేశాడు.

అర్ధసంవత్సరం లెక్కలు తేలినప్పుడు నగర జనాభా అయిదు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. ఇంకొక్కరు వచ్చి ఉంటే హోదా పోయేది. ఆ ఒక్కరినీ ఆపిన రచన ఎవరిదో విభాగంవారు పాత జవాబులన్నీ తిరగేసి నిర్ధారించుకుని, ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫ్రేము కట్టించి మరీ ఇచ్చారు, వాళ్ళ మనుషులే వచ్చి దుకాణం గోడకు మేకు కొట్టి తగిలించి వెళ్ళారు. 'ఒక కుట్టుపని మహిళ వలసను తన అభిప్రాయబలంతో నివారించి, నగర హోదాను కాపాడినందుకు' అని అందులో ఉంది.

కొత్త అద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయన చూపు సరిపోయిందో లేదో చూసుకోవడానికి దాన్ని మొదటినుంచి చివరిదాకా తడుముకోకుండా చదివాడు. సంతోషించి, ఇంతకీ ఆవిడెందుకు రాలేదండీ అని అడిగాడు.

"ఈ ఊళ్ళో ఆవిడకు తెలిసినవాళ్ళు ఎవరూ లేర్లెండి" అన్నాడు కళ్ళద్దాలాయన.