పైముక్క మీది, కిందిముక్క మాది

పెళ్లిళ్లలో తగవులు తీర్చడానికి పెద్దమనుషులు అక్కర్లేదు, పంచాయితీలు అక్కర్లేదు. ఒక్క టూపీస్ లెహంగా చాలు! నవ్వకండి. ఈ కాలమ్ రాసే మనిషి ముందున్న చాయ్ చల్లారిపోయేంతగా ఆలోచించి మరీ ఈ మాట అంటున్నాడు.

చీర ఒకటే గుడ్డ. ఒకటే గుడ్డను ఇద్దరు వియ్యంకులు చెరో కొంగు పట్టుకుని లాగితే ఏమవుతుంది? చిరుగుతుంది! అదే టూపీస్ అయితే పైన జాకెట్టు, కింద లెహంగా. షాపులో ఉండగానే పంపకాలు అయిపోయినట్టే. ఇంత దూరం ఆలోచించి ఆ బట్టను కనిపెట్టినవాడికి శాలువా కప్పొద్దూ?

నమ్మకం కుదరకపోతే ఇస్మాయిల్‌ఖాన్‌పేట నిషిత పెళ్లి ముచ్చట వినండి.

నిషిత బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. లోపలికి అడుగు పెట్టింది మొదలు ఒంటికి తెల్ల సూటు, తలకు టోపీ, మూతికి మాస్కు. బయటికి కనిపించేవి రెండు కళ్లే. ఆ సూటుకు జేబు కూడా ఉండదు, దుమ్ము చేరుతుందని. అందుకే పెళ్లి కుదిరిన నాటి నుంచి ఆ పిల్లకు ఒకటే కోరిక. రిసెప్షన్‌కు తేలికపాటి చిలకపచ్చ టూపీస్, దానికొక జేబు, అది వేసుకుని ల్యాబు దోస్తులతో కాళ్లు పీకేదాకా తీన్‌మార్! ఇంతకు మించి ఏమీ అడగలేదు పాపం. కానీ పాఠకులారా, పెళ్లికూతురి కోరికకూ పెళ్లికూతురి బట్టలకూ ఏమిటండీ సంబంధం?

మాటలు ఖాయమైన రోజు పెళ్లికొడుకు శ్రావణ్‌కుమార్ మేనత్త గొంతు సవరించుకుంది. వాళ్లది వెలిమెల. ఆ ఇంట్లో ఆమె మాట దాటి చెంచా కూడా కదలదు.

“పిల్లకు రిసెప్షన్ బట్టలు మేమే తెస్తం. మా తాన గదే రివాజు.”

నిషిత పెద్దమ్మ నర్సింహమ్మ ఊరుకుంటుందా? “గట్లెట్ల వదినా? మా పిల్ల, మా బట్ట. నలుగురు మమ్ముల అడుగరా?”

సంబంధం చేజారేలా ఉందని నిషిత తండ్రి యాదగిరికి చెమటలు పట్టాయి. ఆ చెమటల్లోనే మెరుపులాంటి ఆలోచన తట్టింది.

“లొల్లి ఎందుకుల్లా? గిప్పుడంత టూపీసులే కద! పైది మీరు తేండ్రి, కిందిది మేం తెస్తం.”

ఆహా! ఆ క్షణంలో అక్కడ ఎంత సంతోషం! అందరూ లడ్డూలు తిన్నారు. నిషిత మాత్రం తలుపు దగ్గర నిలబడి “పెద్దమ్మా, నాకు చిలకపచ్చది...” అని మొదలుపెట్టింది.

“నీకేం ఎరుక బిడ్డా, ఊకో. మేం లేమా?” అంది నర్సింహమ్మ, ఎంతో ప్రేమగా. నిజంగా ప్రేమగానే! అందుకే కదా ఎదురు చెప్పలేకపోయింది.

వెలిమెల వాళ్లు హైదరాబాద్ వెళ్లి రాణీ రంగు జాకెట్టు తెచ్చారు. దాని చేతుల నిండా నెమళ్లు, నెమళ్ల నిండా రాళ్లు. వేసుకుంటే మోచేయి భుజం దాకా లేవదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వాళ్లు తక్కువ తింటారా? నెమలికి జవాబుగా ఏనుగును ఎంచుకున్నారు! నీలం లెహంగా చుట్టూ ఏనుగులు బారులు తీరాయి, ప్రతి ఏనుగుకూ అంబారీ. లోపల వలగుడ్డ వరసలు. దాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఇద్దరు ఆడపిల్లలు కావాలి. పైన నెమలి, కింద ఏనుగు. మధ్యలో మనిషి ఉన్న సంగతి డిజైనులో ఎక్కడా కనిపించదు.

మరి చున్నీ ఎవరిది? ఇక్కడ ఒక గండం వచ్చింది. చెరిసగం తెచ్చి నడుమ కుట్టించారు! సగం రాణీ రంగు, సగం నీలం. జాకెట్టుకూ లెహంగాకూ మధ్య నాలుగు వేళ్ల జాగా మిగిలింది. ఆ కాస్త చోటైనా పిల్లకు వదిలారా? రెండు వేళ్లు చాలని ఒకరు, అసలే కనిపించొద్దని ఇంకొకరు. చివరికి దాని మీద వెడల్పాటి వడ్డాణం పెట్టి సీలు వేశారు.

వేసి చూసుకున్న రోజు నిషిత కుర్చీలోంచి లేవబోయింది. లెహంగా లేవలేదు.

“ఇగ నేను ఆడేదెట్ల పెద్దమ్మా?”

“పెండ్లిపిల్ల ఆడుతదా ఏందే? కూసుంటది.”

నిషితకు ఏడుపొచ్చింది. కాటుక కరుగుతుందని ఎవరో అరిస్తే అదీ ఆపుకుంది.

జాకెట్టు చంకల దగ్గర వదులు చేయించడానికి పటాన్‌చెరులో టైలర్ షాహజాదీ దగ్గరికి వెళ్లింది. కొలతలు తీస్తూ ఆమె మామూలుగా అడిగింది, “గీ నెమళ్లు, ఏనుగులు సరే బేటా. నీకేం పసందు?”

ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న వినడం అదే మొదలు. నిషిత ఆపకుండా చెప్పింది. చిలకపచ్చ, తేలిక, జేబు. షాహజాదీ అన్నీ విని, “ఇంతేనా?” అని నవ్వి, కొలతల కాగితం మీద ఇంకో జత రాసుకుంది.

రిసెప్షన్ రోజు సాయంత్రం బొల్లారం దోస్తులు బస్సు దిగారు. రాత్రి షిఫ్టుకు వెళ్లాల్సినవాళ్లు, ఎక్కువసేపు ఉండరు. బయట తీన్‌మార్ డప్పులు మొదలయ్యాయి. స్టేజీ మీద నెమళ్ల కింద, ఏనుగుల మీద కూర్చున్న నిషితకు ఆ దెబ్బ గుండెలో వినిపిస్తోంది. పక్కనున్న శ్రావణ్‌కుమార్ చెవిలో అన్నాడు, “పో జల్దీ. నేను సంభాళిస్త.” ప్లానులో సగం అతనిదే.

మేకప్ సరిచేసుకోవాలని చెప్పి నిషిత గదిలోకి వెళ్లింది. కాసేపటికి అదే జాకెట్టు, అదే లెహంగా, అదే వడ్డాణం, తల మీద అదే చున్నీతో వచ్చి కుర్చీలో కూర్చున్నది నిహారిక! ల్యాబులో నిషిత పక్కనే పని చేసే పిల్ల. తెల్ల సూట్లు ఇద్దరివీ ఒకటే సైజు. మేకప్ చేసిన బ్యూటీషియన్ కూడా ఒకరే కనుక ముఖాలూ ఒకటే అయ్యాయి.

ఎవరైనా కనిపెట్టారా? అంత తీరిక ఎవరికుంది! వెలిమెల మేనత్త వచ్చి నెమళ్లను ఫోటో తీసుకుని, “మా జాకిట్ తోని కళ వచ్చింది బిడ్డా” అని దీవించి పోయింది. నర్సింహమ్మ వంగి ఏనుగులను సర్ది, “మంచిగ కూసో” అని వెళ్లింది. ఒకరి స్టేటస్‌లో నడుము పై భాగం, ఇంకొకరి స్టేటస్‌లో నడుము కింది భాగం. రెండు కుటుంబాలూ ఎంత సంతృప్తిగా ఉన్నాయో!

బయట మాత్రం ముఖం కడుక్కుని చిలకపచ్చ బట్టల్లో వస్తున్న నిషితను దోస్తులు దూరం నుంచే పోల్చుకున్నారు. రోజూ మాస్కుల్లో ఒకరినొకరు నడక చూసి గుర్తుపట్టేవాళ్లు కదా! ఒక్కసారి ఈలలు. ఫోన్ జేబులో వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి, నిషిత తనివితీరా ఆడింది. చూశారా? పెళ్లికూతురిని ఇంత స్వేచ్ఛగా వదిలేసే బట్ట టూపీస్ కాక మరొకటి ఉందా?

మర్నాడు వెలిమెల ఇంట్లో అందరూ చాయ్ తాగుతున్నారు. మేనత్త ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఒక్కచోట ఆగింది. ఎదురుగా కూర్చున్న కొత్త కోడలి వైపు ఫోన్ తిప్పింది.

“గీ చిలకపచ్చ డ్రెస్ పిల్ల ఎవరే నిషితా? ఏం ఆడిందే! మొకం ఎంత కళగున్నది! మా మరిది కొడుకు చంద్రకాంత్‌కు సంబంధాలు సూస్తున్నం. ఎవ్వలింటి పిల్ల?”

శ్రావణ్‌కుమార్‌కు చాయ్ పొరబోయింది. మేనత్త అప్పటికే ఏర్పాట్లలో మునిగిపోయింది. “ఈసారి పంపకాలు లేవు. పైదీ కిందిదీ రెండూ మేమే తెస్తం. ఏమంటవ్?”

నిషిత ఆమె కప్పులో ఇంకాస్త చాయ్ పోసింది.

“తేండ్రి అత్తమ్మా. కాని ముందుగాల ఆ పిల్లను ఒక్కమాట అడుగుండ్రి.”