పూర్ణచంద్రరావు గారికి వినపడుతోందట!

సాగునీటి సంఘం అధ్యక్షులు పూర్ణచంద్రరావు గారికి స్పృహ లేదని బందరు డాక్టర్లు ప్రకటించిన నాటి నుంచి ఆయనకు ప్రజాదరణ పెరిగింది. కాలవ గట్టు మీద మోటారుసైకిలు జారి తలకు దెబ్బ తగిలేదాకా ఆయన ఒకరి మాట విన్న మనిషి కాదు. ఇప్పుడు అన్నీ వింటున్నారు. కన్ను తెరవలేరు, వేలు కదపలేరు. చెవులు మాత్రం చక్కగా పనిచేస్తున్నాయి. ఆ సంగతి ఆయనకొక్కరికే తెలుసు.

దివిసీమలో పరామర్శకు ఎప్పుడూ లోటు లేదు. యాపిల్ పళ్ళతో మొదట వచ్చినవాడు పక్కచేను పున్నారావు. గదిలో ఎవరూ లేరని చూసుకుని, "బావగారూ, ఏటా దమ్ములప్పుడు గట్టు మీ చేలోకి కాస్త జరుపుతున్నానండీ. క్షమించండి" అని ఏడ్చి, మనసు తేలికపడి, టిఫినుకు వెళ్ళాడు.

ఈ సదుపాయం సంగతి ఊరంతా పాకింది. తప్పు చెప్పుకుంటే తిట్టని పెద్దమనిషి జిల్లాలో మరొకడు దొరుకుతాడా? అవనిగడ్డ నుంచి ఆటోలు కట్టించుకుని మరీ వచ్చారు. ఉపాధ్యక్షులు సాంబశివరావు గారైతే మంచం పక్కన నిలబడి ఉపన్యసించారు: "వారు లేని లోటు ఎవరూ తీర్చలేనిది. అయినా ప్రజాభీష్టం మేరకు నేనే తీరుస్తున్నాను." మంచంలో ఉన్నాయన లోపల్లోపలే కుతకుతలాడిపోయారు.

"ఇక ఆశ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు పెద్ద డాక్టరు. భార్య సూర్యకుమారి ససేమిరా అంది.

"నేను తిడుతుంటే ఆయన మొహంలో విసుగు కనపడుతోందండీ. పెళ్ళయిన కాణ్ణించీ చూస్తున్న విసుగే!"

అది వైద్యపరంగా లక్షణం కాదని తేల్చారు. ఆమె కదల్లేదు. చివరికి జెనిఫర్ అనే చిన్న డాక్టరమ్మ మెదడు తరంగాలు చూసే యంత్రం తెచ్చి, ఆయన తలనిండా వైర్లు అతికించి, "సార్, కుడి పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించుకోండి" అంది.

ఈ పరీక్ష తప్పితే తన పని అయిపోయినట్టేనని ఆయనకు భయం పట్టుకుంది. ప్రాణమంతా కూడగట్టుకుని, ఆ పిడికిట్లో పున్నారావు పీక ఉన్నట్టు ఊహించుకున్నారు. "ఆపండి" అంటే అయిష్టంగా వదిలారు. మళ్ళీ బిగించమంటే సంతోషంగా బిగించారు. మనిషి లోపలే ఉన్నాడని యంత్రం తేల్చింది. సూర్యకుమారి భోరుమంది.

శుభవార్త అందగానే ఊళ్ళో అత్యవసర సమావేశం పెట్టారు. "వినపడుతోందని ముందే చెప్పొద్దా అండీ? ఇది నమ్మకద్రోహం కాదూ!" అని పున్నారావు వాపోయాడు. యంత్రాన్ని నమ్మరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ గదికి ఇప్పుడు భార్య తప్ప ఎవరూ రావటం లేదు.

జనం పక్క గది ముందు బారులు తీరారు. అందులో గుడివాడ పెద్దాయన ఒకరు, ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు. ఆయనకూ ఆ పరీక్ష చెయ్యమని కూతురు కాళ్ళావేళ్ళా పడుతోంది. ప్రజల మనశ్శాంతి దృష్ట్యా చెయ్యరాదని ఆసుపత్రికి మహజరు వెళ్ళింది. సంతకాలకు చోటు చాలక కాగితం వెనకవైపు కూడా పెట్టారు. మీదీ ఉంది, చూశాను.