హైమను బండికి బిగించిన వైనం

హైమ కుడి చేత్తో చేటలోని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ అన్న మోటారుసైకిలు ఇండికేటరు తీగలు చుట్టి ఉన్నాయి, ఆమెను ఆ బండికి రెసిస్టరుగా బిగించి ఆ ఉదయానికి పదకొండు రోజులు. తీగలు వరండాలో బండి దగ్గర మొదలై, గడప దాటి, వంటింటి పొయ్యి దాకా వస్తాయి. వీధి గేటు దాకా రావు. పెరటి గుమ్మం దాకా కూడా రావు. వరండాలో ఆమె అన్న కోటేశు రోజూలాగే స్విచ్చి ఎడమకి నొక్కి, వాచీ చూసుకుంటూ మెరుపులు లెక్కపెట్టాడు. నిమిషానికి ఎనభై రెండు. రూలు ప్రకారం అరవైకి తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు.

ఆ రోజు పద్నాలుగో తేదీ.

అసలు బండికి కంపెనీవాళ్లిచ్చిన పసుప్పచ్చ బల్బులు బాగానే వెలిగేవి. విత్తనాల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే కోటేశు, ఎక్కడో కొట్లో సన్నటి ఎల్ఈడీ ఇండికేటర్లు చూసి మనసు పడి, తెచ్చి తనే బిగించుకున్నాడు. బిగించిన గంట నుంచి అవి ఊపిరాడనట్టు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మెకానిక్ జానీబాషా వచ్చి తీగలు చూశాడు, ఎర్తు చూశాడు, బ్యాటరీ చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"లైట్లలో తప్పేం లేదన్నా. ఇయ్యి కరెంటు మరీ తక్కువ తింటయ్యి. ఇంత తక్కువ తినేది కూడా ఉంటదని లైట్లని ఆర్పి వెలిగించే పాత రిలేకి తెలవదు. అసలక్కడ బల్బే లేదనుకుని కంగారు పడతంది," అన్నాడు.

"అయితే రిలే మార్చెయ్."

"దాని జోలికి పోతే బండంతా విప్పాల. దాన్నట్టా ఉంచి పక్కన ఒక లోడు పెట్టుకోవాల. లోడు ఏ పనీ చెయ్యదు, ఊరికే వేడెక్కుద్ది. రిలేకి మాత్రం నమ్మకం కుదురుద్ది. కొట్లో దొరికే రెసిస్టరు పెడితే పక్కనున్న ప్లాస్టిక్కు కరిగిపోద్ది. మనిషైతే ఎంత వేడెక్కినా పక్కవాటికేం కాదు. ఇంట్లో ఖాళీగా ఎవరున్నారు?"

హైమ అప్పుడే ఒక చేత్తో జానీబాషాకి టీ గ్లాసు, ఇంకో చేత్తో చేతులు కడుక్కోవడానికి నీళ్ల చెంబు తెచ్చి నిలబడింది. కోటేశు తల్లి వైపు చూశాడు. తల్లి అంకమ్మ హైమ వైపు చూసింది.

"ఇదేగా ఖాళీ," అంది.

గ్లాసు, చెంబు కింద పెట్టించి ఆమె వేళ్లకు తీగలు చుట్టారు. ఇండికేటరు ఒక్కసారి ఆలోచించుకుని, నిదానంగా వెలగసాగింది. "సూశావా, ఎంత బుద్ధిగా కొడతందో!" అన్నాడు జానీబాషా. తీగలు మాటిమాటికీ విప్పితే జాయింటు లూజవుతుందని హెచ్చరించి, ఇంట్లో తిరగడానికి వీలుగా ఇంకో నాలుగు మీటర్ల తీగ అతికి వెళ్లాడు.

మర్నాడు రవాణా ఆఫీసులో బండి రికార్డు సరిచేయించారు. అదనపు పరికరాల కాలమ్‌లో ఇన్‌స్పెక్టరు హైమ పేరు రాసుకుని, తయారీ సంవత్సరం అడిగి, ఆమె పుట్టిన సంవత్సరం వేశాడు. "బండి ఓనరు అంకమ్మ గారా?" అన్నాడు పుస్తకం తిరగేస్తూ. తండ్రి పోయాక కొన్న బండి, తల్లి పేరునే ఉంది. "నడిపేది నేనేగా సార్," అన్నాడు కోటేశు. ఇన్‌స్పెక్టరు ముద్ర కొట్టాడు.

ఆ రోజు నుంచి కోటేశు ఎక్కడికెళితే అక్కడికి హైమ వెనక కూర్చుని వెళుతోంది. మలుపు వచ్చినప్పుడల్లా వేళ్లు కాలతాయి, మలుపు దాటాక చల్లబడతాయి. ఊళ్లలో రైతులు ఎవరీ అమ్మాయని అడిగితే కోటేశు లోడని చెప్పేవాడు. వాళ్లు తలూపేవారు. ఒకాయన తన బోరు మోటారుకి పెద్దకోడల్ని పెట్టుకున్నాననీ, వానాకాలం కాస్త జాగ్రత్తగా చూసుకోవాలనీ చెప్పాడు.

చిక్కల్లా ఒక ఉత్తరంతో వచ్చింది. ఆడపిల్లల గురుకులంలో సైన్సు ల్యాబు సహాయకురాలిగా హైమకు ఉద్యోగం వచ్చింది. పద్నాలుగో తేదీ మధ్యాహ్నం పన్నెండులోగా స్వయంగా వచ్చి చేరాలి, లేకపోతే తర్వాతి పేరుకు ఇస్తారు. హైమ తన పరిస్థితి వివరిస్తూ జవాబు రాసింది. వాళ్లు మర్యాదగానే తిరుగు జవాబిచ్చారు. మీరిప్పటికే ఒకచోట పనిచేస్తున్నారు కనుక, వాహన యజమాని నుంచి రిలీవింగు ఆర్డరు, మీ బదులు వచ్చే మనిషి పేరు తీసుకురావలెను.

"నేను సంతకం పెట్టనన్నానా? నీ బదులు ఎవరో చూపించు, ఇప్పుడే పెడతా," అన్నాడు కోటేశు. అతను చెడ్డవాడేం కాదు. ఎండలో వెళ్లేటప్పుడు ఆమెకు సీసాతో నీళ్లు కూడా పెట్టించేవాడు.

హైమ బదులెవరినీ చూపించలేకపోయింది. ఉత్తరం మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టింది.

ఇప్పుడు, పద్నాలుగో తేదీ ఉదయం, అంకమ్మ వంటింట్లోకి వచ్చి హైమ ఎదురుగా కూర్చుంది. చేట తన వైపు లాక్కుంది. తర్వాత కూతురి ఎడమ చేయి ఒళ్లో పెట్టుకుని తీగ విప్పసాగింది.

వరండాలో ఇండికేటరు టకటకా కొట్టుకుంది.

"ఏందే, మళ్లీ మొదలైంది?" కోటేశు కేకేశాడు.

"ఏం లేదురా, పిల్ల చెయ్యి మార్చుకుంటంది!"

అంకమ్మ తీగలు తన వేళ్లకు చుట్టుకుంది. ఎలా చుట్టాలో వెతుక్కోనక్కర్లేదన్నట్టు చుట్టుకుంది. ఆమె బొటనవేలి మీద, చూపుడువేలి మీద పాలిపోయిన రెండు గీతలున్నాయి. వేడి గిన్నెలు దించి దించి పడ్డ మచ్చలని హైమ ఇన్నేళ్లూ అనుకుంది. తీగ సరిగ్గా వాటి మీదే కూర్చుంది.

"మీ నాయన స్కూటరుది," అంది అంకమ్మ, చేట వైపే చూస్తూ. "నీకు మూడేళ్లప్పుడు."

చేట కింద అంకమ్మ పెట్టిన మడత కాగితాన్ని హైమ విప్పింది. రిలీవింగు ఆర్డరు. యజమాని సంతకం దగ్గర 'అంకమ్మ' అని ఒక్కో అక్షరం విడివిడిగా ఉంది. బదులు వచ్చు మనిషి అన్నచోటా అదే పేరు.

"ఏడింటి బస్సు తప్పితే ఇంకోటి లేదు. పొయ్యి దగ్గర తీగ తొక్కకు," అంది.

బయట కోటేశు వాచీ చూసుకుంటూ మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.

"డెబ్బై ఒకటి! అమ్మా, ఇయ్యాల ఇంకా నిమ్మళంగా కొడతందే. హైమకి బాగా అలవాటైపోయింది."

అంకమ్మ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. హైమ కాగితం జాకెట్లో దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, తీగ మీద కాలు పడకుండా దాటి, పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయింది.