మిట్టమధ్యాహ్నపు నీడ

ఆ ఉదయం చియావ్ మాస్టారి పథకం చాలా చిన్నది. భార్య గుయ్‌చిన్ పురమాయించిన వెనిగర్ తేవడం, ఆ వంకతో మేడెక్కి నీడ కొలవడం. శీతాకాలపు అయనాంతం రోజున మధ్యాహ్నపు నీడ ఏడాది మొత్తంలో అన్నిటికన్నా పొడుగ్గా పడుతుంది. భూగోళం చెప్పి రిటైరైనా ఆయన ఆ కొలత మాత్రం ఏ ఏడూ మానలేదు.

కొలతకి వాడే వెదురుకర్రకి గుయ్‌చిన్ సాసేజీలు ఆరేసింది. దాంతో మాస్టారు అప్పడాల కర్ర చంకలో పెట్టుకున్నారు. అది నిలబడ్డానికి గుప్పెడు పిండిముద్ద కూడా గిల్లుకుని, పిల్లిలా జారుకున్నారు.

అవతల ఆవిడకి చావుబతుకుల సమస్య. కొడుకు ప్రేమించిన పిల్ల తల్లి బావోగారు దక్షిణాదిన ఉన్న నింగ్బో నుంచి మొదటిసారి భోజనానికి వస్తోంది. "ఉత్తరాది సంబంధం నాకిష్టం లేదు, ఆ ఇల్లు చూశాకే చెప్తా" అందట ఆ మహాతల్లి. మాంసం కుడుములతో ఆవిడ నోరు మూయించాలని గుయ్‌చిన్ పంతం. వాళ్ళ ఊరు లోయాంగ్‌లో అయనాంతం రోజున కుడుములు తినకపోతే చలికి చెవులూడిపోతాయని చిన్నపిల్లలు కూడా చెప్తారు.

కుడుములకి పిండి వత్తబోతే అప్పడాల కర్ర కనపడలేదు. కింది వాటా ఫాంగ్ నిన్ననే దాన్ని అరువడిగి పట్టుకెళ్ళింది.

"నా కర్ర ఏదే?"

"రాత్రే ఇచ్చానుగా వదినా! నన్ను దొంగంటావా? వచ్చి నా వంటిల్లంతా వెతుక్కో!"

వెతికింది కూడా. మాట మీద మాట పెరిగి, మెట్ల నిండా జనం చేరారు. ఇక లాభం లేదని గుయ్‌చిన్ ఇంటికొచ్చి, అతిథుల కోసం దాచిన సారాయి సీసాతో పిండి వత్తబోయింది. చేతులకున్న నూనెకి సీసా జారి గట్టుకు తగిలి భళ్ళున పగిలింది. గాజుపెంకులూ సారాయీ పిండిలో కలిసిపోయాయి. సరిగ్గా అప్పుడే కొడుకూ, కాబోయే కోడలూ, బావోగారూ గుమ్మంలోకొచ్చారు. ఇల్లంతా గుప్పున సారాయి వాసన.

మేడ మీద మాస్టారు కదలడం లేదు. గడియారంలో పన్నెండు కొట్టింది కానీ అది దేశమంతటికీ వాడే బీజింగ్ పన్నెండు. లోయాంగ్‌లో సూర్యుడు నడిమింటికి రావడానికి ఇంకో అరగంట పడుతుంది. సుద్దముక్కతో నీడ కొసని గుర్తుపెడుతూ ఆయన లోకం మర్చిపోయారు.

"ఇదిగో దొంగ!" అని వెనక నుంచి కేక. తన మీద పడ్డ నింద తుడుచుకోవడానికి బిల్డింగంతా గాలిస్తున్న ఫాంగ్, కర్రని ఒక్క ఊపున పీకేసింది.

"అయ్యో ఫాంగమ్మా, ఇంకొక్క నిమిషమే! మళ్ళీ ఏడాది దాకా రాదు!"

"ఆ ముక్క మీ ఆవిడతో చెప్పండి."

కిందికి లాక్కొచ్చి అందరి ముందూ ఆయన్ని నిలబెట్టింది. కర్ర దొరికినా పిండి లేదు. గిన్నెడు మాంసం కూర మాత్రం మిగిలింది. గుయ్‌చిన్‌కి ఏడుపొచ్చేసింది. "నా కొడుకు పెళ్ళి మీ నీడపాలు చేశారు కదండీ!"

మాస్టారికి నిజంగానే తల కొట్టేసినట్టయింది. కొడుకు మొహం చూడలేక నేల చూపులు చూశారు.

బావోగారు మెల్లగా సంచీ తెరిచి, జిగురు బియ్యప్పిండి పొట్లం బల్ల మీద పెట్టింది.

"మా వైపు ఇవాళ ఉండలే తింటాం, చేసుకుందామని తెచ్చాను వదినగారూ. ఏమనుకుంటారోనని బయటికి తియ్యలేదు. దీనికి కర్రతో పనేముంది, అరచేతులు చాలు. మీ కూర ఇలా ఇవ్వండి."

"మా ఆయన పరువు తీశాడు వదినగారూ..."

"పోనిద్దురూ! టీచరు గారిల్లంటే గట్టిగా తుమ్మడానికైనా వీలుంటుందో లేదోనని నా కూతురి కోసం బెంగపడ్డాను. మీ అరుపులు వీధి చివరికే వినిపించాయి. అచ్చం మా ఇల్లే!"

ఫాంగ్‌తో సహా అందరూ కూర్చుని ఉండలు చుట్టారు. లోపల ఉత్తరాది కూర, పైన దక్షిణాది పిండి. వంకరటింకరగా ఉన్నా ఒక్కటీ మిగల్లేదు. తింటూనే బావోగారు వసంతంలో పెళ్ళి ఖాయం చేసేసింది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది, పాఠం మొదలెట్టారు. "వదినగారూ, ఏడాది మొత్తంలోకీ పొడుగైన రాత్రి ఇవాళే, తెలుసా?"

"మంచిదేగా," అంది గుయ్‌చిన్ గిన్నెలు తీస్తూ. "మీతో నేను మాట్లాడాల్సింది చాలా ఉంది."

ఆ రాత్రికి ఇక్కడే ఉండిపొమ్మని మాస్టారు బావోగారిని ఎంతో ఆప్యాయంగా బతిమాలారు.