పదకొండు సెకన్ల మేస్త్రి

ఆ ఆదివారం ఉదయం మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి ఇంజను ఒకసారి స్టార్ట్ చేసి చూడటం, ఏడింటికి బండిని ట్రైలరు మీదికి ఎక్కించడం, పదింటికల్లా ఊరి చివర విమానాల వాడకం లేని రన్‌వే మీద డ్రాగ్ రేసులో నిలబడటం. రెండేసి బళ్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చదీపం వెలగగానే పావుమైలు తిన్నగా దూసుకుపోతాయి. ఎవరైనా చేరవచ్చు, సొంత బండి ఉంటే చాలు.

మేస్త్రి లేత్ మిషన్ మీద ఇరుసులు తయారుచేసే మనిషి. రెండేళ్ల ఆదివారాలు ధారపోసి, ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి, పాత సామాన్ల కొట్టులో దొరికిన వ్యాను ఇంజను బిగించి ఆ బండిని తయారుచేశాడు. పదహారడుగుల పొడవు, ముందు సైకిలు చక్రాల్లాంటివి రెండు, వెనక రోడ్డు రోలరుకి తమ్ముళ్లలాంటివి రెండు. "పదకొండు సెకన్లు. అంతకు మించి పట్టదు" అని తన లేత్ కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

ఆయన భార్య డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఈ బండి షెడ్డులో చేరినప్పటి నుంచి ఆవిడ కారు ఎండలో మాడుతోంది.

"ఇవాళ ఒక్క రౌండైనా నెగ్గండి. లేదా సాయంత్రానికి ఆ నిచ్చెనలాంటి బండిని షెడ్డు బయట పెట్టించేస్తాను" అంది.

"ఒక్క రౌండేమిటి, కప్పే తెస్తాను. ఎక్కడ పెట్టాలో చూసుకో" అని మేస్త్రి మంట అంటని వెండిరంగు సూటు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, మీట నొక్కాడు.

ఇంజను పిడుగు పడ్డట్టు పేలింది. పొగ గొట్టంలోంచి జానెడు మంట వచ్చింది, ఆ వెనకే షెడ్డు నిండా పొగ. భార్య దగ్గరకి వస్తుంటే మేస్త్రి చేతులు ఊపుతూ, "దూరం! దూరం జరుగు!" అని అరిచాడు.

మేడ మీద ఉంటున్న మామగారు సరిగ్గా అప్పుడే కిందికి తొంగిచూశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకి కనబడినది పొగ, మంట, మధ్యలో వెండి మనిషి. వెంటనే ఫైర్ స్టేషనుకి ఫోన్ చేశారు.

"మా అల్లుడు మంటల్లో ఉన్నాడండీ! పాపం, ఆ స్థితిలో కూడా మమ్మల్నే తప్పుకోమంటున్నాడు!"

తర్వాత పాత ఈల వెతికి ఊది, వీధిలో వాళ్లందరినీ ఇళ్లలోంచి రప్పించి, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక వరసగా నిలబెట్టారు. ఫైరింజను వచ్చేసరికి దారి చూపించడానికి నలభైమంది సిద్ధంగా ఉన్నారు.

"ఆపండి! ఆపండి!" అని మేస్త్రి హెల్మెట్‌లోంచి మొత్తుకున్నాడు. గొట్టం పట్టుకున్నవాడికి అది "ఊపండి" అన్నట్టు వినబడింది. వాడు ఇంజనులో ఏ మూలా వదలకుండా ఊపి ఊపి తడిపాడు.

మామగారు అల్లుడి భుజం తట్టి, "గండం గడిచింది, అల్లుడూ!" అన్నారు. మేస్త్రి హెల్మెట్ తీసి అందులోని నీళ్లు ఒంపాడు.

అయినా వెనక్కి తగ్గే రకం కాదు. పదింటికి రన్‌వే చేరాడు. ఇంజనులో తల దూర్చి, తడిసిన ప్లగ్గులు విప్పడానికి పూనుకున్నాడు. భార్య పది గజాల దూరంలో బల్ల దగ్గర ఫారం నింపుతోంది.

"ఏమండీ, ఎన్ని సెకన్లలో చేరతారో రాయాలట! ఎంత వెయ్యను?"

మేస్త్రికి ఆ ప్రశ్న వినబడనే లేదు. ఆయనకి అప్పుడు కావలసింది ప్లగ్గు స్పానరు, దాని సైజు ఇరవై ఒకటి. "ఇరవై ఒకటి! ఇరవై ఒకటి!" అని అరిచాడు.

ఆవిడ ఇరవై ఒకటి అని చక్కగా రాసి రేసు పెద్ద చేత సంతకం పెట్టించేసింది.

"ఇరవై ఒక్క సెకన్లా? నా పరువేం కాను? దిద్దండి!" అని మేస్త్రి బల్ల మీద పడ్డాడు.

"రాసింది రాసిందేనండీ, రోజంతా అదే. ఇద్దరూ రాసిన టైములకి తేడా ఎంతో, నెమ్మది బండిని అంత ముందు వదులుతాం. ముందు గీత దాటినవాడిదే గెలుపు. కానీ రాసినదానికంటే తక్కువ టైములో చేరితే మాత్రం అవుట్" అన్నాడు రేసు పెద్ద.

మొదటి రౌండులో పక్కన నిలబడినవాడు పన్నెండు సెకన్లని రాసిన పళ్ల డాక్టరు. మేస్త్రిని తొమ్మిది సెకన్లు ముందు వదిలారు. నాలుగు సిలిండర్లలో రెండే పలుకుతున్నాయి. బండి దగ్గుతూ, తుమ్ముతూ పోయింది. అంతసేపు కాచుకుని ఉడికిపోయిన డాక్టరు ఒక్కసారిగా కదిలి, గీత దగ్గర మేస్త్రిని దాటేశాడు. డాక్టరుకి పట్టినది పదకొండు పాయింట్ ఏడు. రాసినదానికంటే తక్కువ, కనక అవుట్. మేస్త్రికి పట్టినది ఇరవై ఒకటి పాయింట్ మూడు.

"షెడ్డు మీదేనండీ!" అని భార్య చప్పట్లు కొట్టింది.

"ఇది గెలుపా? తోపుడు బండి కూడా ఇంతకంటే త్వరగా పోతుంది" అన్నాడు మేస్త్రి, హెల్మెట్ తియ్యకుండానే.

రెండో రౌండుకి ఎండ ముదిరింది. ఇంజనులో చెమ్మ ఆరింది. పచ్చదీపం వెలగగానే నాలుగు సిలిండర్లూ ఒక్క గొంతుతో గర్జించాయి. మేస్త్రి వీపు సీటుకి అతుక్కుపోయింది. రన్‌వే అటు చివర ఇటు చివరకి వచ్చేసినట్టే అనిపించింది. బోర్డు మీద పదకొండు పాయింట్ నాలుగు వెలిగింది.

మేస్త్రి బండి దిగి గంతులేశాడు. "చూశావా? పదకొండు! చెప్పానా లేదా?"

"ఓడిపోయారండీ! ఇరవై ఒకటి రాశాంగా."

"ఓడితే ఓడాను. ఎంతలో ఓడానో చూడు!"

రేసు పెద్ద చేతికిచ్చిన చీటీలో '11.4, అనర్హుడు' అని ఉంది. మేస్త్రి మర్నాడే దాన్ని ఫ్రేము కట్టించాడు; రెండో మాట అంచు కిందికి పోయేలా చూడమని మాత్రం ఫ్రేములవాడికి రెండుసార్లు చెప్పాడు.