వాక్యూమ్ మింగిన తాళంచెవి

ఆ రోజు పొద్దున తాళాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లోని షెడ్డుకి వెళ్ళాలి, నేల మీది రంపపు పొట్టు శుభ్రం చెయ్యాలి, కొత్త ఉయ్యాలని ఓసారి గుడ్డతో తుడిచి ఇంట్లోకి మోసుకురావాలి. అంతే. మధ్యాహ్నానికల్లా కూతురు ఆసుపత్రి నుంచి పసిగుడ్డుతో వస్తుంది. మనవరాలు ఈ ఇంట్లో మొట్టమొదట నిద్రపోయేది తాత చేసిన ఉయ్యాలలోనే అని ఆయన ఇంట్లోవాళ్ళకే కాక వీధి వీధంతటికీ మాటిచ్చేశాడు.

అంత గట్టిగా మాటివ్వడానికి కారణం ఉంది. కూతురు పుట్టినప్పుడు కూడా ఆయన ఇలాగే ఉయ్యాల మొదలుపెట్టాడు. "రేపు పూర్తి చేస్తా" అంటూ ఉండగానే పిల్ల నడక నేర్చింది, మాటలు నేర్చింది, బడిలో చేరింది. చివరికి ఆ ఉయ్యాలలో ఉల్లిపాయలు పోశారు. ఒకసారి పక్కింటి పిల్లి అందులోనే ఈనింది. మనిషి అన్నవాడు మాత్రం అందులో పడుకున్న పాపాన పోలేదు. భార్య ఆ సంగతి మర్చిపోయి ఉంటుందని ఆయన ఎన్నాళ్ళో ఆశపడ్డాడు గానీ, ఆవిడకి ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో గుర్తుండకపోవచ్చు, ఈ ఉల్లిపాయల సంగతి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

ఇక తాళాలాయన అన్న పేరు ఊరికే రాలేదు. నీళ్ళ పంపుకి తాళం, నిచ్చెనకి తాళం, తోట పార పెట్టుకునే చెక్కపెట్టెకి తాళం. వీటన్నిటికీ మూలకారణం ఆయన బావమరిది. పక్క వీధిలోనే ఉంటాడు. మంచివాడే, కానీ చేతివాటం మనిషి కాదంటే షెడ్డులోని డ్రిల్లు ఒప్పుకోదు. "ఇప్పుడే ఇచ్చేస్తా బావా" అంటూ తీసుకెళ్తాడు, ఆ ఇప్పుడు ఎప్పటికీ రాదు. ఈమధ్య అడగడం కూడా మానేశాడు. తాళం వేసిన షెడ్డులోంచి కూడా సామాన్లు మాయం కావడం మొదలైంది.

దాంతో తాళాలాయనకి ఒళ్ళు మండి, ముందురోజు షెడ్డుకి పెద్ద రక్షణే ఏర్పాటు చేశాడు. మామూలు స్క్రూలన్నీ పీకేసి, దొంగలకి లొంగని స్క్రూలు బిగించాడు. వాటి తల మీద నక్షత్రం ఆకారంలో గుంట, ఆ గుంట మధ్యలో చిన్న పొడుపు. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే జారిపోతుంది. వాటి కోసమే చేసిన స్క్రూడ్రైవర్ కొన, బుల్లి బిట్టు ఒకటి ఉండాలి. తలుపు బందులకి అవే, కిటికీ జాలీకి అవే. బావమరిది తన కారు శుభ్రం చేసుకోవడానికి అస్తమానం ఎత్తుకుపోయే డ్రమ్ము వాక్యూమ్‌కి కూడా, మూత తెరవడానికి వీల్లేకుండా ఇనప పట్టీ వేసి అవే బిగించాడు. తలుపుకి కొత్త తాళం వేశాడు. మూస్తే చాలు, దానంతటదే పడిపోతుంది, లోపల్నుంచైనా సరే తాళంచెవి లేనిదే తెరుచుకోదు. తలుపు తాళంచెవి, పనిముట్ల బీరువా తాళంచెవి, ఆ బిట్టు, మూడింటినీ పోగొట్టుకోకుండా ఒకే రింగుకి తగిలించాడు.

"ఈ తాళంలో ముందు ఇరుక్కునేది మీరే, చూస్తూ ఉండండి" అంది భార్య.

"మీ తమ్ముడు ఇంకోసారి నా వస్తువు ముట్టుకున్నాడా, నేను షెడ్డులోంచి బయటికే రాను, ఏమనుకున్నావో!" అన్నాడాయన.

ఇది రాత్రి జరిగిన మాట. పొద్దున్న ఆయన షెడ్డులోకి వెళ్ళి, పెరట్లో ఆరేసిన బట్టల మీదికి దుమ్ము పోకుండా తలుపు మూశాడు. తాళం టక్కుమని పడింది. ఆ చప్పుడు విని మురిసిపోయాడు కూడా. రింగుని పనిబల్ల మీద పెట్టి, వాక్యూమ్ ఆన్ చేసి, నేలంతా ఊడ్చి, బల్ల మీది పొట్టు కూడా లాగేద్దామని గొట్టం పైకెత్తాడు. గొట్టం ఏనుగు తొండంలా అటూ ఇటూ ఊగింది. గలగలమని ఒక చప్పుడు. బల్ల మీద రింగు లేదు.

ఆయన వాక్యూమ్ ఆపాడు. బల్ల కింద చూశాడు, జేబుల్లో చూశాడు, మళ్ళీ బల్ల మీదే చూశాడు. సరే, మూత తీస్తే పోతుంది కదా అని వంగాడు. మూత మీద నక్షత్రాల స్క్రూలు నిగనిగలాడుతూ కనిపించాయి. వాటిని విప్పే బిట్టు ఆ మూత కిందే ఉంది. పట్టీని పగలగొడదామంటే సుత్తి, ఉలి, రంపం అన్నీ బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి కూడా ఆ డ్రమ్ములోనే ఉంది. కిటికీ జాలీ పీకి బయటపడదామంటే అక్కడా అవే స్క్రూలు. ఫోను ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టొచ్చాడు. తన పనితనం మీద తనకే ఇంత కోపం రావడం ఆయన జీవితంలో అదే మొదలు.

గత్యంతరం లేక తలుపు బాదాడు. భార్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, ఏంటా చప్పుడు? ఉయ్యాల తెస్తానని వెళ్ళి తలుపేసుకు కూర్చున్నారేం?"

ఇరుక్కుపోయానని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. రాత్రి ఆవిడ అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ మూసుకున్నాడు.

"మాట్లాడరేం? అలిగారా? మా తమ్ముడి మీద కోపంతోనేనా ఇదంతా?"

తాళాలాయన ఒక్క క్షణం ఆలోచించాడు. అలకలో కాస్తో కూస్తో పరువుంది. ఇరుక్కుపోవడంలో అదీ లేదు.

"అవును" అన్నాడు. "నేను బయటికి రాను."

"అయ్యో రామ! పిల్ల ఇంకాసేపట్లో వస్తుంటే ఇప్పుడా మీ అలక!" అంటూ ఆవిడ తమ్ముడికి ఫోను చెయ్యడానికి పరిగెత్తింది.

ఆవిడ వచ్చేలోగా బయటపడాలని ఆయన వాక్యూమ్ గొట్టం పీకేసి, డ్రమ్ముని తలకిందులు చేసి కుదపడం మొదలుపెట్టాడు. లోపల రింగు గలగలలాడింది గానీ, బయటికి మాత్రం పొట్టే వచ్చింది. ఇంకా గట్టిగా కుదిపాడు, నేలకేసి కొట్టాడు. ఊడ్చిన పొట్టంతా మేఘంలా లేచి, సగం ఉయ్యాల మీద పడింది, మిగతా సగం జాలీలోంచి పెరట్లోకి పోయి ఆరేసిన బట్టల మీద వాలింది.

పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "వదినగారూ, అన్నయ్యగారు లోపల సామాన్లన్నీ విసిరికొడుతున్నారండీ! దుమ్ము చూడండి, కర్రలు విరగ్గొడుతున్నట్టున్నారు!"

"నేనేం విరగ్గొట్టట్లేదు!" అని అరిచాడు లోపల్నుంచి, దగ్గుతూ.

"ఏడుస్తున్నారు కూడా పాపం" అంది టీచరమ్మ. "అన్నయ్యగారూ, కోపం మనిషికి శత్రువు. నెమ్మదిగా ఊపిరి పీల్చుకోండి."

ఆ దుమ్ములో ఊపిరి పీల్చుకోవడం ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు!

ఇంతలో బావమరిది వచ్చాడు. ఒట్టి చేతులతో రాలేదు. కారు నిండా సామాన్లు వేసుకొచ్చి షెడ్డు ముందు ఒక్కొక్కటే దింపాడు. డ్రిల్లు, రెండు పట్టకార్లు, మట్టం చూసే గొట్టం, తాళం తెంపిన నిచ్చెన, ఎప్పుడో పోయిందని తాళాలాయన దిగులుపడి భోంచెయ్యని, చెక్క నునుపు చేసే చిన్న రంద. ఆ కుప్ప చూడ్డానికి టీచరమ్మ గోడ మీంచి ఇంకాస్త ముందుకి వంగింది.

"బావా, తప్పయిపోయింది" అన్నాడు బావమరిది కిటికీ దగ్గర నిలబడి. "నువ్వింత బాధపడతావనుకోలేదు. నీ దగ్గర వస్తువు తీసుకుంటే నాకు నీతో చనువున్నట్టు ఉంటుంది బావా. కొట్టుకెళ్ళి కొనుక్కుంటే ఏముంది? అప్పుడు నువ్వు నా మీద అరవవు కదా."

తాళాలాయన మనసు కరిగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అందులో కొంత పొట్టు వల్ల కూడా.

"సర్లేరా. నేనూ మరీ చిన్నపిల్లాడిలా చేశాను. నీ మీద నాకేం కోపం లేదు."

"అమ్మయ్య! అయితే బయటికి రా బావా."

తాళాలాయన తలుపుకున్న కొత్త తాళం వైపు చూశాడు.

"రాను" అన్నాడు తాళాలాయన సన్నగా.

బయట ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. సామాన్లు తెచ్చాడు, తప్పు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి ఈ మనిషికి? "కాళ్ళు పట్టుకోమంటారా ఏం?" అంది టీచరమ్మ. బావమరిది పట్టుకుంటానన్నాడు, కానీ జాలీలోంచి చెయ్యి దూరలేదు.

భార్యకి ఓపిక అయిపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇది అలక కాదురా. ఉయ్యాల పూర్తవలేదు, మొహం చెల్లక కూర్చున్నారు. నాకు తెలీదా ఈయన సంగతి! అప్పుడూ ఇంతే. నువ్వు వెంటనే బజారుకెళ్ళి ఒక ప్లాస్టిక్ ఉయ్యాల కొనుక్కురా. పిల్ల వచ్చేసరికి పక్క వేద్దాం."

ఆ మాట తాళాలాయనకి గుండెల్లో గుచ్చుకుంది. దుమ్ము కొట్టుకుపోయిన ఉయ్యాల వైపు చూశాడు. చేతులు బొబ్బలెక్కేలా నునుపు చేసిన అంచులు, పిల్లకి గీసుకోకూడదని గుండ్రంగా తీర్చిన మూలలు. ఇంత చేసి, పిల్ల ప్లాస్టిక్ తొట్లో పడుకుంటే తను ఈ షెడ్డులో కూర్చుని వినాలా? పరువు పోతే పోయిందనుకున్నాడు.

"ఆగండి!" అని కేక పెట్టాడు. "ఉయ్యాల ఎప్పుడో అయిపోయింది! నేను అలగలేదు! ఇరుక్కుపోయాను! తాళంచెవిని వాక్యూమ్ మింగేసింది! వాక్యూమ్ మూత తెరిచే బిట్టు కూడా అందులోనే ఉంది! చాలా? ఇక నవ్వుకోండి!"

నవ్వారు. టీచరమ్మ గోడ పట్టుకుని నవ్వింది. భార్య బట్టల తీగ పట్టుకుని, పొట్టు పడిన చీరలు ఊగిపోయేలా నవ్వింది. బావమరిది మాత్రం నవ్వలేదు. నోరు వెళ్ళబెట్టి చూశాడు.

"ఇంతదానికా బావా! ముందే చెప్పొచ్చుగా!"

అంటూనే షెడ్డు వెనక్కి వెళ్ళాడు. లోపల, గోడకి ఆనించిన పొడవాటి చెక్కలు కదిలాయి. వెనకనున్న రేకు కిర్రుమంటూ పక్కకి జరిగింది. ఎండతో పాటు బావమరిది కూడా నడుం వంచి లోపలికి వచ్చాడు.

తాళాలాయన వంగి ఆ సందులోకి తొంగిచూశాడు. "నువ్వు... ఇన్నాళ్ళూ ఇటునుంచా వచ్చేవాడివి?"

"తలుపుకి తాళం ఉండేది కదా బావా."

"మరి ఈ రేకుకి మేకులు లేవేంట్రా?"

"షెడ్డు కట్టిన రోజున మనిద్దరమే కదా రేకులు కొట్టింది. ఈ చివరిదాని దగ్గరికొచ్చేసరికి మేకులు అయిపోయాయి. 'రేపు కొడదాంలేరా' అన్నావు. నేను ఆ రేపు కోసమే చూస్తున్నా."

ఇద్దరూ ఉయ్యాలని చెరోవైపు పట్టుకుని, కాస్త ఓరగా వంచి, ఆ సందులోంచి బయటికి తెచ్చారు. భార్య తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ అంచు మీద చెయ్యి ఆపి, గుండ్రటి మూలలన్నీ తడిమి చూసింది. "బాగా చేశారండీ" అంది మెల్లగా. ఉల్లిపాయల మాట ఎత్తలేదు.

వాళ్ళు ఉయ్యాలని గదిలో దించి పక్క పరుస్తుండగా వీధిలో కారు ఆగింది. కూతురు లోపలికి వచ్చి, జుట్టు నుంచి మీసాల దాకా పొట్టు పూసుకుని నిలబడ్డ తండ్రిని చూసింది, ఉయ్యాలని చూసింది.

"నాన్నా! అయిపోయిందా!"

"అయిపోయిందమ్మా. నీ ఉయ్యాలే కాస్త ఆలస్యమైంది."

కూతురు నవ్వుతూ పిల్లని అందులో పడుకోబెట్టింది. పసిగుడ్డు ఒకసారి ఒళ్ళు విరుచుకుని, పిడికిలి బుగ్గ కింద పెట్టుకుని నిద్రపోయింది. తాళాలాయన దగ్గరికి రాకుండా, తన ఒంటి మీది పొట్టు పిల్ల మీద పడుతుందని గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి అది పొట్టు వల్ల కాదు.

షెడ్డు తలుపు తెరవాల్సిన అవసరం ఆ తర్వాత ఎవరికీ రాలేదు. అంత గట్టి తాళం ఎక్కడ వెతికినా దొరకదని తాళాలాయన, వెనక రేకులోంచి వంగి లోపలికి దూరుతూ, వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటాడు.